చివరివాళ్ళని కాస్త నొక్కు

“చివరివాళ్ళని కాస్త నొక్కు” అంటూ భర్త మెమరీ కార్డు బల్ల మీద పెట్టి, టీ తాగడానికి బయటికి పోయాడు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె వింటున్న మాటే అది. నొక్కడమంటే కాళ్ళు నొక్కడమనుకునేరు. ఆ ముచ్చటా అప్పుడప్పుడూ ఉందనుకోండి, ఇది మాత్రం వేరే. వాళ్ళది ఫోటో స్టూడియో. పైన ఇల్లు, కింద స్టూడియో. ఆ కింది గది ఎంతుందని, నాలుగడుగులు వెనక్కి వేస్తే వీపు వెనకున్న చెక్క అడ్డానికి తగులుతుంది. అందులోకి ఒక్కోసారి తాతల దగ్గర్నుంచి చంటిపిల్లల దాకా కుటుంబమంతా దిగిపోతుంది. అందరూ ఒక్క ఫోటోలో పట్టాలంటే వైడ్ లెన్స్ పెట్టి మనుషుల మీదికి వెళ్ళి తియ్యాల్సిందే. అలా తీస్తే మధ్యలో ఉన్నవాళ్ళు చక్కగా వస్తారు. రెండు చివర్లా నిలబడ్డవాళ్ళ పని మాత్రం అయిపోయినట్టే. బుగ్గలు పక్కకి సాగుతాయి, తల ఎవరో పట్టి లాగినట్టు బయటివైపు వాలుతుంది, ఒక్క భుజమే రెండు భుజాలంత అవుతుంది. వాళ్ళని కంప్యూటర్లో పట్టుకుని, లోపలికి నెట్టి నెట్టి, మళ్ళీ మనిషి ఆకారానికి తేవడం ఆమె పని.

ఆమె కూర్చునేది గది వెనక భాగంలో, చెక్క అడ్డం చాటున. ఒకప్పుడు అక్కడ ఫోటోల్లో వెనక కట్టే పరదాలు చుట్టి పెట్టేవారు. ఆమె వచ్చాక పరదాలు పైకి పోయాయి, ఆమె కిందికి వచ్చింది. “ఇంట్లో ఖాళీగా కూర్చోవడమెందుకు, ఆ కంప్యూటరు ముందు కూర్చుంటే అమ్మాయికీ కాలక్షేపం” అన్నారు మామగారు, ఆయన బతికున్న రోజుల్లో. పొద్దున్నే లేచి అత్తగారికి వేణ్ణీళ్ళు పెట్టి, పిల్లని బడికి తయారుచేసి, వంట దించి, అంట్లు తోమి, బట్టలు ఆరేసి, ఆ తర్వాత కిందికి దిగి చెక్క చాటున కూర్చుంటే దాని పేరు కాలక్షేపం. వచ్చినవాళ్ళు ప్రింటు చూసి “ఎడిటింగ్ ఎవరు చేస్తారండీ, భలే ఉంది” అంటే భర్త “మేమే చేసుకుంటామండి” అంటాడు. ఆ మేములో తను ఎంత ఉందో ఆమె ఎప్పుడూ అడగలేదు. అబద్ధమెందుకు, ఆ పనంటే ఆమెకి ఇష్టం. ఎవరో ముసలావిడ చెవి సాగి విసనకర్రంత అయి వస్తే, దాన్ని మెల్లమెల్లగా మళ్ళీ చెవిగా చెయ్యడంలో ఎంత తృప్తి ఉందో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

చేసి చేసి ఆమెకి ఒక సంగతి అర్థమైంది. చివర నిలబడేవాళ్ళు ఏ ఇంట్లోనైనా ఒకే రకం వాళ్ళు. కోడళ్ళు, పెళ్ళికాకుండా ఉండిపోయిన మేనత్తలు, పసిపిల్లని చూసుకోవడానికి వచ్చి ఆగిపోయిన దూరపు చుట్టం, వంటింట్లో పొయ్యి కట్టేసి ఆదరాబాదరాగా వచ్చి ఆఖరి నిమిషంలో ఇరుక్కున్న పెద్దక్క. నడుమ కుర్చీ ఇంటి పెద్దాయనది. ఆయనకి అటూ ఇటూ కొడుకులు, కొడుకుల ముందు మనవలు, ఆ తర్వాత మిగిలిన జాగా మిగిలినవాళ్ళది. ఎవరూ ఎవరినీ తొయ్యరు. “అమ్మా, మీరు కాస్త పక్కకి” అని భర్త నోరు తెరవకముందే ఆ ఆడవాళ్ళు పక్కకి జరిగిపోతారు. జరిగి, ఫోటోలో ఉబ్బి, ప్రింటు చూసుకుని, “నేనింత లావున్నానా” అని నవ్వేసి ఊరుకుంటారు. “మీరు కాదమ్మా, లెన్స్” అని ఆమె చెక్క చాటు నుంచి ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. ఇంతమందికి చెప్పిన మనిషికి తన ఫోటో సంగతి మాత్రం తట్టనే లేదు. చోద్యం కాకపోతే ఏమిటి.

పైన హాల్లో, సోఫాకి ఎదురుగా, సగం గోడ ఆక్రమించి ఒక ఫోటో ఉంది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో, భర్త డిజిటల్ కెమెరా కొన్న సంబరంలో, ఆ హాల్లోనే తీసింది. నడుమ అత్తగారూ మామగారూ. ఒక పక్క బావగారు, తోడికోడలు, వాళ్ళ మగపిల్లలు. ఇంకోపక్క ఆడపడుచూ వాళ్ళాయనా. భర్త టైమర్ పెట్టి పరిగెత్తుకొచ్చి వాళ్ళ నాన్న వెనకాల దూరాడు. ఒక చివర, గోడకున్న గుండ్రటి గాజు దీపం కింద, కొత్త కోడలు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ఆ ఫోటోలో కొత్త కోడలు లేదు, ఒక దిండు ఉంది. దానికి మెడ లేదు. బుగ్గ దిగొచ్చి భుజాన్ని కలిసింది. ప్రింటు చూడగానే ఆడపడుచు పకపకా నవ్వి, “అన్నయ్యా, మనింటికి పెళ్ళాన్ని తెస్తావనుకుంటే దిండుని తెచ్చావేంటి” అంది. అంతే. ఆ రోజు నుంచి ఆమె దిండు వదిన, బావగారి పిల్లలకి దిండు పిన్ని.

ఎవరూ పగబట్టి అన్నది లేదు, అందరివీ సరదా మాటలే. “నువ్వు తినేది కనపడదు, ఎక్కడికి పోతుందో ఫోటోలో కనపడుతుంది” అనేది తోడికోడలు. “ఆ చివర బరువుకి ఫ్రేము ఒరిగినట్టుంది, ఎవరైనా సరిచెయ్యండి” అనేవారు బావగారు. అత్తగారి ఓదార్పు ఇంకో రకం. “నేనొచ్చినప్పుడు తీసిన ఫోటోలో నాకు ఒక్క చెయ్యే పడింది. ఆ చెయ్యి నాదని నేను చెప్తే తప్ప ఎవరికీ తెలీదు. నువ్వు నిండుగా పడ్డావు, సంతోషించు” అనేది. ఇక ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ ఆ ఫోటో వంకా ఆమె వంకా చూసి, “ఇప్పుడు బాగా తగ్గావమ్మా” అనడం మామూలైపోయింది. ఆ మాటకి ఆమె లోలోపల పొంగిపోయేది కూడా. తగ్గాను కదా అనుకునేది. మళ్ళీ అలా కాకూడదని సగం కంచంతోనే లేచిపోయేది. వదులు బట్టలే కుట్టించుకునేది. ఎదురుగా ఉండే కుట్టుమిషను అక్క టేపు చుట్టి, “నీ కొలత నువ్వొచ్చినప్పటిదే కదే, మారిందెక్కడ” అంటే, బేరం పోకుండా పొగుడుతోందిలే అని కొట్టిపారేసేది. గ్రూపు ఫోటో అనగానే “నేను తీస్తా, మీరు నిలబడండి” అని కెమెరా వెనక్కి పోయేది. అలా పోగా పోగా ఆ ఇంటి ఫోటోల్లో ఆమె ఉన్నది ఆ ఒక్కదాంట్లోనే.

ఇప్పుడు వచ్చే ఆదివారం అత్తగారి పుట్టినరోజు. అందరూ వస్తున్నారు. ఆ పాత ఫోటో తీసేసి, మనవరాలితో సహా కొత్తది తీయించి పెట్టాలని పెద్దావిడ ముచ్చట. మనవరాలంటే ఈమె కూతురు. గంటకో కబురు మోసుకొచ్చి గలగలా వాగుతుందని పిచ్చుక అని పిలుస్తారు. ఆ పిచ్చుక రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు.

ఆ మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, పెట్టిన కంచం ముందు కూర్చుని, వేలితో అటూ ఇటూ కెలికి పక్కకి నెట్టేసింది.

“ఆకల్లేదు.”

“నిన్నా ఇదే మాట. కడుపులో నొప్పా పిచ్చుకా?”

“నన్ను పిచ్చుక అనకు. పిచ్చుక ఇంతుంటుందా.”

“ఎవరైనా ఏమైనా అన్నారా?”

పిల్ల సంచీలోంచి క్లాసు ఫోటో తీసి కంచం పక్కన పెట్టింది. బడి వరండాలో మూడు వరసలుగా పిల్లలు. రెండో వరసలో, ఈ చివర, పిచ్చుక. బుగ్గ ఉబ్బి, తల పక్కకి వాలి, చెయ్యి తొడంత అయింది. బడివాళ్ళు పిలిపించిన ఫోటోగ్రాఫరు ఎవరో గానీ, చివరివాళ్ళని నొక్కాలన్న ధ్యాస కూడా అతనికి లేదు.

“ఇకనుంచి రాత్రి కూడా తినను. ఆదివారం ఫోటోలోనూ నిలబడను. నేనూ నీలా అయిపోతున్నా” అంది పిల్ల.

“నాలా అంటే?”

పిల్ల తల ఎత్తకుండానే వేలితో హాలు వైపు చూపించింది.

దిండు అన్నప్పుడు ఎన్నడూ ఆమెకి ఇంత నొప్పి పుట్టలేదు. కోపం కూడా వచ్చింది, పిల్ల మీద కాదు, ఎవరి మీదో ఆ క్షణాన తెలియలేదు. తను సగం కంచంతో లేచిపోవడం ఈ పిల్ల రోజూ చూస్తూనే ఉంది. ఎందుకు లేచిపోతుందో అడగకుండానే నేర్చుకుంది. తన దగ్గర్నుంచి పిల్లకి ముక్కు వచ్చిందనీ, జుట్టు వచ్చిందనీ మురిసిపోతుంటే, ఇదిగో ఇది కూడా చడీచప్పుడూ లేకుండా వచ్చి కూర్చుంది. తనదైతే ఎలాగో నెట్టుకొచ్చింది. పిల్ల కంచం దగ్గరికి వచ్చేసరికి ఆమెకి ఊరుకోబుద్ధి కాలేదు. బల్ల మీది బుట్టలోంచి ఒక నారింజపండు తీసి, “లే, కిందికి పద” అంది.

స్టూడియోలో ఎవరూ లేరు. ఆమె బల్ల మీద కెమెరా పెట్టి, వైడ్ లెన్స్ బిగించి, పండుని సరిగ్గా మధ్యలో పెట్టి తీసింది. తర్వాత అదే పండుని ఫ్రేములో ఓ చివరకి జరిపి, కెమెరాని కదపకుండా మళ్ళీ తీసింది. రెండూ కంప్యూటరు మీద పక్కపక్కన పెట్టి చూపించింది. మధ్యలో పండు గుండ్రంగా ఉంది. చివర పండు కోడిగుడ్డులా సాగింది.

“పండు లావైందా?” అని అడిగింది.

“అదే పండుగా.”

“మరి?”

పిల్ల కుర్చీ మీదికి ఎక్కి మోకాళ్ళ మీద కూర్చుంది. నేను తీస్తా అంది. తీసింది. పండుని ఆ మూలకి, ఈ మూలకి, పైకి, కిందికి జరిపి తీసింది. ఎక్కడ చివర ఉంటే అక్కడ సాగింది, మధ్యకి రాగానే బుద్ధిగా గుండ్రమైంది. అప్పుడు ఆమె లెన్స్ మార్చి, దూరం నుంచి తీసేది బిగించి, కెమెరాని వీధి గుమ్మం దాకా వెనక్కి పట్టుకెళ్ళింది. అక్కణ్ణుంచి తీస్తే పండు మధ్యలో ఉన్నా, చివర ఉన్నా ఒకేలా వచ్చింది. పిల్ల రెండు రకాల ఫోటోలూ మార్చి మార్చి చూసుకుని, క్లాసు ఫోటో మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఈసారి తన మొహం చూసుకోలేదు. ఆ చివర నిలబడ్డ బక్కపలచని అమ్మాయిని చూసింది. ఆ అమ్మాయి బుగ్గలూ ఉబ్బే ఉన్నాయి.

“అంటే నేను లావవ్వలేదా?”

“నువ్వు చివర నిలబడ్డావు. ఫోటో తీసినాయన మరీ మీదికొచ్చాడు. అంతే జరిగింది. అయినా లావైతే మాత్రం ఏం, తినాల్సింది తినాలిగా.”

పిల్ల పండు ఒలిచి ఒక తొన నోట్లో వేసుకుంది. నములుతూ, ఏదో లెక్క తేలనట్టు కనుబొమలు ముడిచి, “మరి హాల్లో ఫోటోలో నువ్వు?” అంది.

ఆమె మెట్లెక్కి హాల్లోకి వచ్చి, సోఫా ముందు నిలబడి, ఇన్నేళ్ళూ వంచిన కళ్ళతో తుడిచిన ఆ ఫోటోని తలెత్తి చూసింది. దిండుని చూడలేదు. దిండు నెత్తిన ఉన్న దీపాన్ని చూసింది. ఫోటోలో దీపం బొప్పాయిపండులా పక్కకి సాగి ఉంది. పక్కకి తిరిగి అదే గోడ చివరున్న అసలు దీపాన్ని చూసింది. గుండ్రంగా, ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. ఇన్నేళ్ళలో ఆ దీపాన్ని మాత్రం ఒక్కరూ దిండు అనలేదు.

సోఫాలో కూలబడి ఆమె చాలాసేపు నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి, వస్తే రానీ అనుకుంది. ఎంత పిచ్చిది తను. లోకంలో ఉన్న చివరివాళ్ళందరికీ లెన్స్ గురించి చెప్పింది, ఎవరో కొత్తగా వచ్చిన ఇల్లాలు చిన్నబుచ్చుకుంటే చెక్క చాటు నుంచి లేచి వచ్చి మరీ చెప్పింది, మెట్లెక్కి పైకి రాగానే అది మర్చిపోయింది. కింద లెన్స్ తప్పు, పైన తన తప్పు. ఎందుకలా అయిందంటే ఆ ఫోటో తీసేనాటికి ఆ ఇంట్లో ఎవరికీ తను ఎలా ఉంటుందో సరిగ్గా తెలియదు. వచ్చి ఎన్నాళ్ళయిందని. ముందు ఫోటో చూశారు, తర్వాత ఆమెని చూశారు. అందరూ కలిసి ఒకటే మాట అంటుంటే ఆమె కూడా అద్దాన్ని నమ్మడం మానేసి ఫోటోనే నమ్మింది. తగ్గావమ్మా అన్న ప్రతిసారీ దేన్నుంచి తగ్గింది? ఎన్నడూ లేని ఒళ్ళుని కరిగించుకుందామని ఎన్ని కంచాల ముందు నుంచి ఆకలితో లేచింది? ఇష్టమైన రంగు బిగుతుగా కనపడుతుందని ఎన్ని బట్టలు పెట్టెలో పడేసింది? కుట్టుమిషను అక్క ఒక్కతే నిజం చెప్పింది, ఆవిడనే అనుమానించింది. పోనీలే, ఇప్పటికైనా తెలిసింది అనుకుంది. ఆ పూట పిల్లతోపాటు కూర్చుని, చాలా కాలానికి, ఆకలి తీరేదాకా తిన్నది. పిల్ల తింటూ తింటూ తల్లి కంచం వైపే చూసింది.

అయినా పిచ్చుక పూర్తిగా నమ్మలేదు. “పండు సంగతి సరే. ఆదివారం మనుషుల సంగతి చూద్దాం. నువ్వు నిలబడితే నీ పక్కనే నిలబడతా. నాన్న నిన్ను మళ్ళీ దిండుని చేస్తే మాత్రం నేను మళ్ళీ తినను” అంది. పంతం తల్లిది కాదు, అది నాయనమ్మ దగ్గర్నుంచి వచ్చిందని అందరికీ తెలుసు.

సాయంత్రం భర్త పైకి రాగానే ఆమె దీపం సంగతి చెప్పింది. అతను ఫోటో ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, వృత్తి తెలిసినవాడిలా పరీక్షించాడు.

“కిటికీ చూడు. తలుపు చూడు. గీత గీసినట్టు ఉన్నాయి. లెన్స్ తప్పయితే అవి కూడా సాగాలిగా” అన్నాడు.

“గోడా కిటికీ బల్లపరుపుగా ఉంటాయి. అవి సాగవు. మనుషులు గుండ్రంగా ఉంటారు. మీ లెన్స్ గోడలకి మంచిదండీ.”

అతను నవ్వేశాడు. దొరికిపోయినప్పుడు అతను చక్కగా నవ్వుతాడు, అదొక్కటి చెప్పుకోవాలి. “నాకు తెలీదా ఏంటి. రోజూ చెప్తూనే ఉన్నానుగా చివరివాళ్ళని నొక్కమని.”

“తెలుసా? మరి నన్నెందుకు నొక్కలేదు?”

అతను నిజంగానే ఆలోచించాడు. మెడ గోక్కున్నాడు. ఇంతకాలంలో ఆ ప్రశ్న తనకి రానే రాలేదన్న సంగతి మొహంలోనే కనపడింది. “నువ్వేమన్నా కస్టమర్‌వా” అన్నాడు చివరికి. ఎగతాళిగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

ఇన్నేళ్ళలో వాళ్ళంతా అన్న మాటలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. చెడ్డ మనిషైతే తిట్టుకుని సుఖంగా ఉండొచ్చు. ఇతనికి జ్వరం వస్తే ఆమె నిద్రపోదు, ఆమెకి తలనొప్పి వస్తే ఇతను టీ పెడతాడు, పంచదార మర్చిపోతాడు. దారిన పోయేవాళ్ళు వచ్చి నిలబడితే వాళ్ళ చెవుల దాకా సరిచేయించిన మనిషి, పెళ్ళాన్ని దిండుగా గోడకి తగిలించి, ఎదురుగా సోఫాలో కూర్చుని రోజూ పేపరు చదివాడు. ఎందుకంటే ఆమె ఇంటి మనిషి. ఆమె మొహం చూసి అతను కాస్త కంగారుపడ్డాడు.

“ఇప్పుడైతే ఏం పోయింది. పాత ఫైలు ఉందిగా, పావుగంట పని. నిన్ను నొక్కి మళ్ళీ ప్రింటు వేస్తా.”

“వద్దు” అంది ఆమె.

“పోనీ ఆదివారం తీసేదాంట్లో బాగా నొక్కుతా.”

“అదీ వద్దు. నన్నెవరూ నొక్కక్కర్లేదు” అని ఆమె లేచి వంటింట్లోకి పోయింది. కోపంగా పోలేదు, మాట అయిపోయింది కాబట్టి పోయింది. అతనికి దానికే ఎక్కువ భయం వేసింది.

ఆదివారం ఇల్లంతా గోలగోలగా ఉంది. వంట ఎవరు చేశారని అడగొద్దు. హాల్లో కుర్చీలు వేసి, అత్తగారిని నడుమ కూర్చోబెట్టి, బావగారు ఒక పక్కా ఆడపడుచు మొగుడు ఒక పక్కా సర్దుకున్నాక, “అందరూ వచ్చేశారు, నీదే ఆలస్యం” అని కేక వినపడింది. ఆమె పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ బట్టలు వేసుకుంది, వదులువి కావు. కెమెరాకి వైడ్ లెన్స్ బిగించి భర్త సోఫాని ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఖాళీగా ఉన్నది ఒకటే జాగా, దీపం కింద. ఆమె వెళ్ళి అక్కడే నిలబడింది. పిచ్చుక వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, ఇంకా చివరకి నిలబడింది.

“చివరివాళ్ళు సగమే పడుతున్నారు. దగ్గరికి జరగండి, ఇంకా లోపలికి” అన్నాడు భర్త. వరస మొత్తం కాస్త కదిలింది. ఆమె కదల్లేదు. పిల్ల చెయ్యి ఆమె చేతిలో బిగుసుకుంది.

“నువ్వు కూడా. తర్వాత చూసుకుందాంలే” అని అతను కన్ను గీటాడు.

“మేం జరగం. మీరు జరగండి” అంది ఆమె.

“ఎక్కడికి జరగను? వెనక సోఫా, దాని వెనక గోడ.”

“అయితే బయటికి పదండి. వీధిలో బోలెడు చోటుంది.”

దిండు వదిన నోట అలాంటి మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఎండ అన్నారు బావగారు. తోడికోడలు జుట్టు చెదురుతుందంది. “ఇవాళ వదినకి ఏమైంది” అంది ఆడపడుచు. అప్పుడు నడుమ కుర్చీలోంచి అత్తగారు లేచి నిలబడింది. “కోడలు చెప్పింది కదరా, పదండి. చెయ్యి మాత్రమే పడ్డదాన్ని, నాకు తెలుసు దాని బాధ” అని, ఎవరి సాయమూ అడక్కుండా మెట్ల వైపు నడిచింది. ఇక మిగిలినవాళ్ళు చేసేదేముంది, కుర్చీ మోసుకుని వెనకాల దిగారు.

ఇంటి ముందు మెట్ల మీద అందరూ నిలబడ్డారు. హాల్లో ఎవరి చోటు ఏదో ఇక్కడా అదే, ఆమే పిల్లా చివరే. భర్త నాలుగు అడుగుల దూరంలో నిలబడి కెమెరా ఎత్తాడు.

“ఇంకా వెనక్కి” అంది ఆమె.

రోడ్డు నడుమకి పోయాడు. సైకిలు మీద పోతున్న ఒకాయన ఆగి దిగాడు.

“ఇంకా. ఆ లెన్స్ తీసి దూరానిది పెట్టండి.”

అతను రోడ్డు దాటి కుట్టుమిషను అక్క వరండా ఎక్కాడు. ఆవిడ సంగతేమిటో అడక్కుండానే మిషను పక్కకి లాగి చోటిచ్చింది. అతను లెన్స్ మార్చి, కన్ను ఆనించి, చాలాసేపు అలాగే చూశాడు. ఫోటోకి అంతసేపు అక్కర్లేదు. అతను చూస్తున్నది ఈ చివరనని ఆమెకి రోడ్డు ఇవతలి నుంచి కూడా తెలిసింది. చూడనీ అనుకుని, మెడ నిటారుగా పెట్టి నిలబడింది.

టైమర్ పెడితే పరిగెత్తడానికి దూరమెక్కువైంది. “ఏదీ, ఎక్కడ నొక్కాలో చూపించు” అని కుట్టుమిషను అక్కే కెమెరా దగ్గరికి వచ్చింది. అతను ఆవిడకి మీట చూపించి, అటూ ఇటూ చూసుకుని రోడ్డు దాటి వచ్చాడు. వచ్చేసరికి వాళ్ళ అమ్మ వెనకాల జాగా లేదు, ఆ చోట్లో మేనల్లుడు దూరేశాడు. మిగిలింది పిచ్చుక పక్కన, చిట్టచివర.

“నేను చివరా?” అన్నాడు మెల్లగా.

“ఏం ఫరవాలేదు. ఇక్కణ్ణుంచి ఎవరూ సాగరు” అంది ఆమె.

కెమెరా తెచ్చి తెర మీద చూసుకునేటప్పుడు అందరికంటే ముందు దూరింది పిచ్చుక. తన మొహం చూసుకుంది, తల్లిని చూసింది, తండ్రిని చూసింది, మళ్ళీ తల్లిని చూసింది. భోజనాల దగ్గర రెండోసారి అడిగి పెట్టించుకుని, కబుర్లు మొదలుపెట్టి, ఇక ఎవరు ఆపినా ఆపలేదు. ఆమెకి అంతకంటే కావలసిందేమీ లేదు.

ఆ తర్వాత మంగళవారం వడ్రంగి వచ్చి కింద స్టూడియోలో చెక్క అడ్డం ఊడదీశాడు. అది ఆమె అడిగింది. “కెమెరా వెనక్కి జరగాలంటే చోటు కావాలి కదండీ” అంటే భర్తే వెళ్ళి వడ్రంగిని పిలిచాడు. ఇప్పుడు ఆమె బల్ల వీధి కిటికీ పక్కన ఉంది. వచ్చినవాళ్ళు ముందు ఆమెనే పలకరిస్తారు. చివరివాళ్ళని నొక్కే పని దాదాపు తప్పింది. భర్త అలవాటుగా వైడ్ లెన్స్ తీసుకుని మనుషుల మీదికి పోబోతే ఆమె తల ఎత్తి చూస్తుంది, అతను తనంతట తనే వెనక్కి నడుస్తాడు. పాత ఫోటోని ఆమె పారెయ్యలేదు, కిందికి తెచ్చి బల్ల పక్కన ఆనించింది. ప్రింటు చూసుకుని ఎవరైనా చిన్నబుచ్చుకుంటే ముందుగా ఆ దీపాన్ని చూపిస్తుంది. ఎడిటింగ్ ఎవరిదని ఎవరైనా అడిగితే భర్త “ఆవిడదే” అంటున్నాడు. మరీ గట్టిగా కాదు, వినపడేంత.

కొత్త ఫోటో హాల్లో తగిలించాక ఆడపడుచు వచ్చింది. ఆమె అప్పుడే కింద పని ముగించుకుని వచ్చి, నిండు కంచంతో బల్ల దగ్గర కూర్చుని ఉంది. వచ్చిన మనిషి చెప్పులు విప్పి ఫోటో ముందు నిలబడి, మెడ అటు వంచి ఇటు వంచి చూసి, చెయ్యి బుగ్గన పెట్టుకుంది.

“వదినా, ఎంత సన్నబడ్డావే. నాకూ చెప్పవా, ఏం తినడం మానేశావు?”

ఆమె నోట్లో ముద్ద నిదానంగా నమిలి, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టింది.

“ఏమీ మానలేదు, నేను సన్నబడనూ లేదు. మీ అన్నయ్యే కాస్త వెనక్కి జరిగాడు.”